కలాం గారిని కలిసిన ఆ ఒక్క నిమిషాన్ని రాసిపెట్టుకోవడం ఎలా?

అబ్దుల్ కలాం గారు పోయి పదేళ్లు దాటింది. 2015 జూలై 27, సోమవారం సాయంత్రం, షిల్లాంగ్ ఐఐఎంలో విద్యార్థుల ముందు మాట్లాడుతూ మాట్లాడుతూనే కుప్పకూలిపోయారు. ఆయన్ని దగ్గర్నుంచి చూసినవాళ్లు మన రెండు తెలుగు రాష్ట్రాల్లో ఎందరున్నారో లెక్క తేలదు. ఎస్ఎల్‌వీ-3 రాకెట్ ప్రయోగాల రోజుల్లో ఆయన శ్రీహరికోట వచ్చేవారు. 1982లో హైదరాబాద్ వచ్చి, కంచన్‌బాగ్‌లోని క్షిపణుల ప్రయోగశాల డీఆర్‌డీఎల్‌కి పదేళ్లు డైరెక్టర్‌గా చేశారు. ఆ తర్వాత రాష్ట్రపతిగా, దిగిపోయాక మాజీ రాష్ట్రపతిగా ఎన్ని బడులకు, ఎన్ని కాలేజీలకు వచ్చారో! ఆయనతో చేయి కలిపిన పిల్లలు, ఒక ప్రశ్న అడిగిన పిల్లలు, నోటుబుక్కు మీద సంతకం పెట్టించుకున్న పిల్లలు ఇవాళ పిల్లల తల్లిదండ్రులయ్యారు.

వాళ్లలో చాలామంది ఈ ముచ్చట నలుగురూ కూర్చున్నప్పుడు చెబుతారు కానీ రాయరు. "ఏముందండీ రాయడానికి, ఒక్క నిమిషమేగా" అంటారు. ఆ ఒక్క నిమిషాన్నే రాయమని నేను బతిమాలేది. రెండు పేజీలు చాలు. కలాం గారి జీవిత చరిత్ర రాయడానికి మనకంటే బాగా తెలిసినవాళ్లు ఉన్నారు. మీరు నిలబడ్డ చోటి నుంచి ఆయన ఎలా కనిపించారో మాత్రం మీరు తప్ప ఇంకెవరూ రాయలేరు. గొప్పవాళ్లు పోయాక పదిహేను ఇరవై కథలే మళ్లీ మళ్లీ తిరుగుతుంటాయి. గోడ మీద బొమ్మ మిగులుతుంది, మనిషి జారిపోతాడు. మనిషిని పట్టి ఉంచేవి మీ దగ్గరున్నటువంటి చిన్న చిన్న సంగతులే. అందుకే చిన్నదాన్ని పెంచకుండా, ఎంతుందో అంతే రాయాలి. అదెలాగో వరసగా చెబుతాను. మీరు కలిసింది కలాం గారిని కాకుండా బాలు గారినో, సినారె గారినో అయినా పద్ధతి ఇదే.

ముందు ఏదీ చూడకుండా, ఎవరినీ అడక్కుండా రాయండి

ఒక గంట ఖాళీ చేసుకోండి. ఫోను పక్క గదిలో పెట్టేయండి. తెల్ల కాగితాలు, పెన్ను చాలు. ఆ రోజు గురించి మనసుకి ఏది తగిలితే అది, వరస చూసుకోకుండా రాసుకుంటూ పోండి. వాక్యాలు కుదరకపోయినా ఫరవాలేదు. "నీలం కుర్చీలు. మైకు గీపెట్టింది. హిందీ టీచరు కోప్పడింది." ఇలా ముక్కలుగా వచ్చినా మంచిదే.

ముందే యూట్యూబ్ తెరిచి ఆయన ప్రసంగం ఒకటి చూశారనుకోండి, ఇక మీ జ్ఞాపకమేదో ఆ వీడియో ఏదో విడదీయడం చాలా కష్టం. ఇది నా అనుమానం మాత్రమే అనుకోకండి. 1986 జనవరి 28న అమెరికాలో చాలెంజర్ వ్యోమనౌక పేలిపోయింది. మర్నాడే అల్రిక్ నైసర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, ఆ వార్త ఎక్కడ విన్నారు, ఎవరు చెప్పారు, అప్పుడేం చేస్తున్నారు అని విద్యార్థుల చేత రాయించి దాచారు. రెండున్నరేళ్ల తర్వాత మళ్లీ అడిగితే చాలామంది వేరే కథ చెప్పారు. అదీ ఎంతో నమ్మకంగా! వాళ్ల చేతిరాతే తెచ్చి చూపించినా, కొందరికి కొత్త జ్ఞాపకమే నిజమనిపించింది. రెండున్నరేళ్లకే అలా ఉంటే, మనం ఇరవై ఏళ్ల నాటి సంగతి రాయబోతున్నాం.

కలాం గారి విషయంలో ఈ చిక్కు మరీ ఎక్కువ. ఆయన కొన్ని కథలు సభ సభకీ చెప్పేవారు. 1979 ఆగస్టు 10న మొదటి ఎస్ఎల్‌వీ-3 బంగాళాఖాతంలో పడిపోయినప్పుడు, ఇస్రో చైర్మన్ సతీశ్ ధవన్ విలేకరుల ముందుకు తానే వెళ్లి బాధ్యత తన మీద వేసుకున్నారు. 1980 జూలై 18న ప్రయోగం గెలిచినప్పుడు మాత్రం, వెళ్లి మాట్లాడమని కలాం గారిని పంపారు. నిమ్స్‌లో పోలియో పిల్లలు కాళ్లకి తగిలించుకునే మూడు కిలోల క్యాలిపర్లను, క్షిపణి కోసం తయారైన తేలికైన పదార్థంతో మూడు వందల గ్రాములకు తగ్గించిన కథ కూడా అలాంటిదే. ఈ కథలు మీకు తెలుసు. కానీ ఆ రోజు, ఆ హాల్లో, ఆయన నోటి నుంచే విన్నారా? లేక తర్వాతెప్పుడో చదివారా? ఒంటరిగా రాసుకున్న మొదటి కాగితంలో అవి వాటంతటవే వస్తే ఉంచండి. రాకపోతే తర్వాత తెచ్చి అతికించకండి.

పైన ఒక మూల ఈ కాగితం రాసిన తారీఖు వేయండి. ఈ కాగితాన్ని ఇక దిద్దకూడదు. దీన్ని చూసి వేరే కాగితం మీద రాసుకోవాలి.

మీరు నిలబడ్డ చోటి నుంచి మొదలుపెట్టండి

చాలామంది "భారతరత్న, మిస్సైల్ మ్యాన్, ప్రజల రాష్ట్రపతి" అని మొదలుపెడతారు. అవన్నీ చదివేవాళ్లకి ముందే తెలుసు. మీ కాళ్లు ఎక్కడున్నాయో అక్కడి నుంచి మొదలుపెట్టండి.

దీనికి కలాం గారి కంటే మంచి గురువు మనకు దొరకరు. కుర్రతనంలో ఆయన డెహ్రాడూన్‌లో ఎయిర్‌ఫోర్స్ ఎంపికకు వెళ్లారు. పాతికమందిలో తొమ్మిదో స్థానం వచ్చింది, తీసుకున్నది ఎనిమిదిమందిని. పైలట్ కావాలన్న కల అక్కడితో ముగిసింది. ఆ దిగులుతో రిషికేశ్ వెళ్లి, గంగలో మునిగి, స్వామి శివానందను కలిశారు. స్వామి 1963లోనే వెళ్లిపోయారు. కలాం గారి ఆత్మకథ వచ్చింది 1999లో. అన్నేళ్ల తర్వాత కూడా ఆయన ఆ కలయిక రాసినప్పుడు స్వామి కట్టుకున్న తెల్లటి పంచె, కాళ్లకున్న చెక్క పాదుకలు, చొచ్చుకుపోయే నల్లటి కళ్లు రాశారు. తన ముస్లిం పేరు విని స్వామి ముఖంలో ఏ మార్పూ రాలేదని రాశారు. స్వామి ఎంత గొప్పవారో పొగిడిన మాటల కంటే ఆ పాదుకలే నాకు ఇప్పటికీ గుర్తున్నాయి.

ఇంకొకటి చూడండి. కలాం గారి చివరి ప్రయాణంలో వెంట ఉన్న సృజన్ పాల్ సింగ్, ఆయన పోయిన వెంటనే ఆ రోజు జరిగిందంతా రాసిపెట్టారు. మొదలే ఎలా మొదలైందంటే: మధ్యాహ్నం పన్నెండు, గువాహటి విమానం, కలాం గారిది 1ఎ సీటు, తనది 1సి, ఆయన ముదురు రంగు సూటులో ఉన్నారు. సీటు నంబర్లు ఎవరికి కావాలి అనిపించవచ్చు. కానీ అవి ఉండబట్టే, ఆ తర్వాత రాసినదంతా కళ్లకు కట్టినట్టు నమ్మబుద్ధి అవుతుంది. గువాహటి నుంచి షిల్లాంగ్ వెళ్లే దారిలో, ముందు వెళ్తున్న జిప్సీ జీపులో ఒక సైనికుడు నిలబడే ఉన్నాడు. అతన్ని కూర్చోమని చెప్పమని కలాం గారు పదే పదే అడిగారు. వైర్‌లెస్‌లో చెప్పించే ప్రయత్నం కూడా జరిగింది. కుదరలేదు. షిల్లాంగ్ చేరాక ఆ సైనికుణ్ని పిలిపించుకుని, చేయి కలిపి, థాంక్స్ చెప్పి, అలిసిపోయావా, ఏమైనా తింటావా, నా వల్ల ఇంతసేపు నిలబడాల్సి వచ్చింది అన్నారు. ఆ సైనికుడికి దక్కింది కూడా ఒక్క నిమిషమే. కాసేపటికే కలాం గారు లేరు.

కాబట్టి మిమ్మల్ని మీరు ఇలా అడగండి. మీరు కూర్చున్నారా, నిలబడ్డారా? ముందు ఎవరున్నారు? ఎండగా ఉందా? ఎన్నింటికి రమ్మన్నారు, ఎన్నింటికి ఆయన వచ్చారు? యూనిఫామా, మామూలు బట్టలా? తిండి ఏమైనా పెట్టారా? తాడు కట్టారా, బారికేడ్లు పెట్టారా? మిమ్మల్ని ఎవరు ఎంపిక చేశారు? ప్రశ్న మీ సొంతమా, టీచరు రాసిచ్చారా? ఆయన వచ్చినప్పుడు ముందు ఏం కనిపించింది, జుట్టా, నవ్వా, చుట్టూ ఉన్న పోలీసులా? మీరనుకున్న దానికంటే పొట్టిగా ఉన్నారా? గొంతు టీవీలో విన్నట్టే ఉందా?

ఆ నిమిషానికి ముందు గంట, తర్వాత గంట ఎక్కువ శ్రద్ధగా రాయండి. అసలు కలయికలో మనం కంగారుగా ఉంటాం, సగం ఏమీ పట్టించుకోం. ఎదురుచూపులో మాత్రం కళ్లూ చెవులూ బాగా పనిచేస్తాయి. ఆయన వెళ్లిపోయాక మీరు ముందుగా ఎవరితో మాట్లాడారు? ఇంటికొచ్చి అమ్మకి ఏమని చెప్పారు? అమ్మకి చెప్పిన మొదటి మాట గుర్తొస్తే దాన్ని బంగారంలా దాచుకోండి. అప్పటికింకా ఆ కథకి నగిషీలు మొదలు కాలేదు.

ఆయన మాటల్ని మూడు రకాలుగా విడదీయండి

అన్నిటికంటే జాగ్రత్త పడాల్సింది ఇక్కడే. ఆయన అన్నారని మీకు గుర్తున్న ప్రతి మాట పక్కన ఒక గుర్తు పెట్టండి. ఇదే మాట, ఇలాగే అన్నారు అని ప్రమాణం చేయగలిగితే ఒక గీత. భావం ఇదే కానీ మాటలు సరిగ్గా గుర్తులేవంటే రెండు గీతలు. అన్నారో, నేను అనుకున్నానో తెలియదంటే ఒక సున్నా.

రాసేటప్పుడు ఒక గీత ఉన్నవాటికే కొటేషన్ పెట్టండి. రెండు గీతలవాటిని "ఆ అర్థం వచ్చేలా ఏదో అన్నారు" అని రాయండి. సున్నా ఉన్నవాటిని కూడా పారేయక్కర్లేదు, అనుమానాన్ని అనుమానంగానే రాయవచ్చు. ఆయన మన దగ్గర సభల్లో ఎక్కువగా ఇంగ్లిష్‌లోనే మాట్లాడేవారు కనుక, మీకు అచ్చ తెలుగు వాక్యం గుర్తుంటే అది మీ భావమో, పక్కన అనువదించినవారి మాటో అయ్యుండవచ్చు. ఆ సంగతి ఒక ముక్క రాస్తే చాలు.

ఇంకో విషయం. పిల్లల సభల్లో ఆయన కొన్ని వాక్యాలు తాను చెప్పి, అందరిచేతా తిరిగి చెప్పించేవారు. ప్రతిజ్ఞలు చేయించేవారు. ఆ మాటలు మీకు బాగా గుర్తున్నాయంటే, హాలంతా ఒక్కసారి అన్నప్పుడు మీ గొంతు కూడా అందులో ఉంది కాబట్టే. దాన్ని "నాతో అన్నారు" అని రాయకండి. "అందరం ఆయన వెంట అన్నాం" అని రాయండి. నిజానికి అదే ఎంతో బాగుంటుంది. వెయ్యిమంది పిల్లలు ఒక్క గొంతుతో అనడం, ఆయన చెవి దగ్గర చేయి పెట్టారో లేదో, రెండోసారి గట్టిగా చెప్పించారో లేదో, అదంతా రాయాల్సిన సంగతే.

కలల గురించీ, నిద్ర పట్టనివ్వని కలల గురించీ, ఓటమి గురించీ ఆయన పేరు మీద తిరిగే మాటలు ఎన్నో. వాటిలో ఆయనవి కానివి కూడా బోలెడు. ఫోన్లో పొద్దున్నే గులాబీ పువ్వు బొమ్మతో వచ్చే వాక్యం ఒకటి మీ జ్ఞాపకంలోకి దూరి కూర్చుందేమో చూసుకోండి. పోస్టరు మీద వేసుకోదగ్గంత నున్నగా ఉందంటే దాన్ని అనుమానించాల్సిందే. చేయి కలిపే రెండు సెకన్లలో ఎవరూ సూక్తులు చెప్పరు. "పేరేంటి?", "ఏ క్లాసు?", "గుడ్", ఇవే అంటారు.

ఎలా దిద్దాలో చూపడానికి నమూనాగా ఒక ముక్క నేనే అల్లాను. మొదట ఇలా రాశామనుకుందాం:

"ఆ మహనీయుడు నా భుజం మీద చేయి వేసి, నా కళ్లలోకి సూటిగా చూస్తూ, గొప్ప కలలు కను తల్లీ అని ఆశీర్వదించారు. ఆ క్షణం నా జీవితాన్నే మార్చేసింది."

ఇప్పుడు దీన్ని కూర్చోబెట్టి ప్రశ్నలడగండి. చేయి ఏ భుజం మీద వేశారు? ఫొటోలో ఉందా? ఎంతసేపు చూశారు? తల్లీ అన్న మాట ఆయన ఏ భాషలో అని ఉంటారు? జీవితం మారిందంటే మర్నాడు మీరేం చేశారు? జవాబులొచ్చాక ముక్క ఇలా మారుతుంది:

"వరసలో నా ముందున్న అమ్మాయిని పేరడిగారు. నన్ను అడగలేదు. నా నోటుబుక్కు తీసుకున్నారు. నా పెన్ను రాయలేదు. రెండుసార్లు పేజీ మూల గీకి చూసి, జేబులోంచి తన పెన్ను తీశారు. సంతకం పెట్టి ఇస్తూ ఏదో అన్నారు. వెనక చప్పట్ల మోతలో వినపడలేదు. గుడ్ అని ఉంటారు. నేను థాంక్స్ చెప్పానో లేదో నాకు గుర్తులేదు. పెన్ను గీకిన ఆ రెండు గీతలు మాత్రం ఆ పేజీ మూల ఇప్పటికీ ఉన్నాయి."

రెండోదాంట్లో ఆశీర్వాదం లేదు, సూక్తి లేదు. కానీ రాయని పెన్నుతో ఒక పిల్ల కంగారు పడుతుంటే, విసుక్కోకుండా జేబు తడుముకున్న పెద్దమనిషి ఒకరు అందులో కనిపిస్తున్నారు. మనకి కావాల్సింది ఆయనే కదా.

తారీఖు తేల్చుకోండి

"రాష్ట్రపతి కలాం మా కాలేజీకి వచ్చినప్పుడు" అని అందరూ రాస్తారు. ఆయన రాష్ట్రపతిగా ఉన్నది 2002 జూలై 25 నుంచి 2007 జూలై 25 వరకే. 1992 దాకా హైదరాబాద్‌లో డీఆర్‌డీఎల్, ఆ తర్వాత ఢిల్లీలో రక్షణ మంత్రికి శాస్త్ర సలహాదారు, 1997లో భారతరత్న, రాష్ట్రపతి కావడానికి ముందు కొద్దికాలం చెన్నై అన్నా యూనివర్సిటీలో ఆచార్యుడు. 2007 తర్వాత ఎనిమిదేళ్లు ఊరూరా తిరిగిన మాజీ రాష్ట్రపతి. మీరు కలిసిన కలాం గారు వీరిలో ఎవరు? కంచన్‌బాగ్‌లో పనిచేసినవాళ్లు కలిసింది ఇంకా దేశానికి పెద్దగా తెలియని సైంటిస్టుని. 1988లో పృథ్వి, 1989లో అగ్ని ఎగిరిన రోజుల మనిషిని. ఆ కలయికకి రాష్ట్రపతి అన్న బిరుదు తగిలిస్తే దాని అందమే పోతుంది.

గుర్తు రాకపోతే ఆనవాళ్లు వెతకండి. ఆయన వేదిక ఎక్కగానే జాతీయ గీతం వాయించారా, ముందురోజు నుంచే పోలీసు తనిఖీలు జరిగాయా, అయితే చాలావరకు రాష్ట్రపతి హోదాలో వచ్చినట్టే. మీరు ఏ క్లాసు, అది పరీక్షల ముందా తర్వాతా, అప్పటికి ఇంట్లో ఫోనుందా, తమ్ముడు పుట్టాడా, ఇవన్నీ సంవత్సరాన్ని పట్టిస్తాయి. బడి వార్షిక సంచిక, ఆహ్వాన పత్రిక, సర్టిఫికెట్ ఉంటే పని తేలిక. లేకపోతే జిల్లా కేంద్ర గ్రంథాలయంలో పాత పేపర్ల బైండ్లు అడగండి. జిల్లా ఎడిషన్లో ఆయన పర్యటన తప్పకుండా వచ్చి ఉంటుంది. అన్నీ చూసినా తారీఖు తేలకపోతే "2004 శీతాకాలం అనుకుంటాను" అని రాయండి. ఊహించి ఖరారు తారీఖు వేయవద్దు. రేపు మీ మనవడు దాన్నే నిజమనుకుంటాడు.

సంతకం, ఫొటో ఉంటే ఒక్క మాట. లామినేషన్ చేయించకండి. ఆ వేడీ జిగురూ ఒకసారి అంటుకున్నాక వెనక్కి తీయలేం. జిగురు పేజీల ఆల్బమ్‌లోంచి కూడా ఫొటో తీసి, మామూలు కాగితపు కవర్లో పెట్టండి. సంతకాన్ని ఫ్రేము కట్టి గోడకి తగిలిస్తే వెలుతురుకి సిరా వెలిసిపోతుంది. గోడకి కాపీ, బీరువాలో అసలు. ఫొటోకి రెండువైపులా స్కాన్ తీయించండి, 600 డీపీఐ అడగండి. వెనక స్టూడియో ముద్రో, ఎవరో రాసిన తారీఖో ఉండవచ్చు. మీరేమైనా రాయాలంటే మెత్తటి పెన్సిల్‌తో రాయండి, బాల్‌పెన్ను అచ్చు ముందువైపుకి తేలుతుంది.

తోటివాళ్లని ఇప్పుడు అడగండి

మీ కాగితం పూర్తయ్యాకే ఆ రోజు మీతో ఉన్నవాళ్లకి ఫోన్ చేయండి. ఒక్కొక్కరికీ విడిగా. క్లాసు గ్రూపులో అడిగితే మొదట చెప్పినవాడి కథే అందరి కథ అయిపోతుంది. "నీకేం గుర్తుంది?" అని అడిగి ఊరుకోండి. "నా పక్కన నువ్వేగా నిలబడ్డావు?" అని అడిగితే అవునంటారు, అంతే.

వాళ్లు చెప్పింది మీదానితో కలవకపోతే మీది దిద్దకండి. కింద వేరుగా రాయండి: నాకు ఆయన నీలం చొక్కా వేసుకున్నట్టు గుర్తు, ఫలానా స్నేహితురాలు కోటు వేసుకున్నారంటోంది. రెండూ ఉండనివ్వండి. పేర్లు రాయాలంటే వాళ్లని అడిగి రాయండి.

ఆ నిమిషానికి మోయగలిగినంత బరువే పెట్టండి

"ఆయన వల్లే నేను ఈ స్థాయికి వచ్చాను" అని రాయాలని మనసు లాగుతుంది. రాసేముందు ఒక దారి కనిపిస్తోందో లేదో చూడండి. మచిలీపట్నం దగ్గరి పల్లెలో పుట్టిన బొల్లా శ్రీకాంత్ కథ మీరు వినే ఉంటారు. పెద్దయ్యాక ఏమవుతారని కలాం గారు పిల్లల్ని అడిగితే, దేశానికి మొదటి అంధ రాష్ట్రపతిని అవుతానన్నారు శ్రీకాంత్. తర్వాత అమెరికాలో ఎంఐటీలో చదివి, తిరిగొచ్చి హైదరాబాద్‌లో బొల్లాంట్ ఇండస్ట్రీస్ పెట్టి, వైకల్యం ఉన్నవారికి ఉద్యోగాలిచ్చారు. ఆ సంభాషణ అపురూపమైనదే. కానీ ఇంటర్‌లో సైన్స్ గ్రూపు కోసం కోర్టుకెక్కి గెలిచింది శ్రీకాంతే. ఆ పట్టుదలంతా ఒక సభలో జరిగిన మాటల ఖాతాలో వేస్తే ఆయనకే అన్యాయం. మీ కష్టాన్ని కూడా అలా ఇంకొకరి ఖాతాలో వేయకండి.

ఆ కలయిక వల్ల మీరు నిజంగా చేసిన పని ఒకటుంటే, అది ఎంత చిన్నదైనా రాయండి. ఆ వారమే లైబ్రరీ కార్డు తీసుకున్నారా? గోడకి ఆయన బొమ్మ అంటించారా? ఏమీ చేయలేదా? అదీ రాయండి. ఏ మార్పూ తేకుండానే ఒక నిమిషం మనిషికి జీవితమంతా ప్రియంగా ఉండిపోవచ్చు.

అలాగని మిమ్మల్ని మీరు మరీ తగ్గించుకోవద్దు. "నాలాంటి అల్పుణ్ని ఆయనెందుకు గుర్తుపెట్టుకుంటారు" అన్న మాట వద్దు. ఆయన చిన్న కలయికల్ని తేలిగ్గా తీసుకున్న మనిషి కాదు. 2002 ఏప్రిల్‌లో గుజరాత్‌లోని ఆనంద్‌లో, ఒక బడిలో, మన శత్రువు ఎవరు అన్న చర్చ వచ్చింది. పన్నెండో తరగతి అమ్మాయి పేదరికం అని జవాబిచ్చింది. కలాం గారు తన పుస్తకం ఒకటి ఆ అమ్మాయికే అంకితమిచ్చారు. అటువైపు నుంచి కూడా కొన్ని నిమిషాలు నిలిచాయి.

ఆయన పోయిన రోజుని వేరే పేరాలో పెట్టండి

ఆ సాయంత్రం వార్త మీకెలా తెలిసింది, ఎవరు ఫోన్ చేశారు, టీవీ ముందు ఎవరెవరు కూర్చున్నారు, సంతకం ఉన్న పుస్తకం వెతికారా లేదా, ఇవి ఐదారు వాక్యాల్లో రాయండి. చివర్లో పెట్టండి. ఈ దుఃఖాన్ని ముందు పెడితే, కలిసిన రోజు సంతోషం కూడా తడిసిపోతుంది. ఆ రోజు మీకు తెలియదు కదా, ఆయన ఇలా వెళ్లిపోతారని. ఆ తెలియనితనం మీ రాతలో అలాగే ఉండాలి. జూలై 30న రామేశ్వరంలో అంత్యక్రియలయ్యాయి. అక్కడ పేయికరుంబులో 2017 నుంచి స్మారకం ఉంది. మీరు వెళ్లి ఉంటే అదీ ఇక్కడే, రెండు మాటల్లో.

పైకి చదవండి, కాపీలు దాచండి

రాసినదాన్ని ఆ రోజు అక్కడ లేని ఒకరికి, వీలైతే మీ పిల్లలకి చదివి వినిపించండి. ఎక్కడైనా మీ గొంతు ఉపన్యాసంలోకి ఎక్కుతుంటే అక్కడ పెన్సిల్‌తో గీత పెట్టండి. చాలాసార్లు అక్కడే "మహోన్నత", "దివ్య", "అజరామర" ఉంటాయి. కొట్టేయండి. పిల్లలు ఎక్కడ ఆపి "తర్వాతేమైంది?" అంటారో అక్కడ ఇంకో రెండు వాక్యాలు చేర్చండి.

చివర మీ పేరు, ఊరు, రాసిన తారీఖు వేయండి. మొదట రాసుకున్న చిత్తు కాగితం కూడా దానితోపాటే ఉంచండి. ఒక కాపీ ఇంట్లో, ఒకటి ఆయన వచ్చిన బడికో కాలేజీకో, ఒకటి ఆ రోజు మీతో ఉన్నవాళ్లకి. టైపు చేయించి ఫైలు ఒక్క ఫోన్లోనే పెట్టుకోకండి, ప్రింటు తీయండి. తర్వాతెప్పుడైనా కొత్త సంగతి గుర్తొస్తే, లేదా పాత పేపర్లో అసలు తారీఖు దొరికితే, పైది చెరిపేయకుండా కింద ఆ రోజు తారీఖు వేసి రాయండి. అందుకోసం ఆఖర్న అర పేజీ ఖాళీ వదలండి.